శామీర్‌పేట బండ మీంచి చందమామ మీదికి

సెలవు రోజుల్లో పదేళ్ళ పిల్లల చేతికి ఫోను చిక్కితే ఏం ఆడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. మేడ్చల్ అయినా, శామీర్‌పేట అయినా, ఇంకే ఊరైనా దాదాపు ఒకటే దృశ్యం. తెర మీద దిమ్మలతో చేసినట్టుండే చిన్న బొమ్మ. గాలిలో తేలే పలకలు. ఆ బొమ్మ ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి దూకుతూ పోతుంటుంది. దారిలో ఎర్ర పలక తగిలిందంటే ముక్కలైపోతుంది. కన్నుమూసి తెరిచేలోగా వెనకటి మజిలీలో మళ్ళీ లేచి నిలబడుతుంది. పిల్లలు దీన్ని ‘ఆబీ’ అంటారు. అడ్డంకులు దాటుకుంటూ చివరిదాకా చేరే ఆట ఇది.

ఈ ఆట ఆడటం గురించి పెద్దలకు చాలా ఫిర్యాదులున్నాయి. ఇవాళ నేను మాట్లాడేది ఆడటం గురించి కాదు, ఆ ఆటను సొంతంగా కట్టడం గురించి. అందులోనూ అంతరిక్షం మీద కట్టడం గురించి. మన మేడ్చల్, శామీర్‌పేట పిల్లలు అలాంటి ఆట కట్టాలనుకుంటే సరుకు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చాలావరకు ఈ జిల్లాలోనే దొరుకుతుంది. అదెలాగో చెబుతాను.

ముందు ఆ వేదిక సంగతి. ఇలాంటి ఆటలు ఎక్కువగా ఉండేది రోబ్లాక్స్ అనే ఊహాలోకంలో. డేవిడ్ బాజుకి, ఎరిక్ కాసెల్ అనే ఇద్దరు అమెరికా ఇంజినీర్లు దీన్ని 2006లో జనంలోకి తెచ్చారు. అక్కడున్న లక్షలాది ఆటలను కట్టింది ఆడేవాళ్ళే. అందుకు కావలసిన పనిముట్ల పెట్టె పేరు రోబ్లాక్స్ స్టూడియో. డబ్బు కట్టక్కర్లేదు. పలకలు పేర్చడానికి మౌస్ చాలు. పలకలు కదలాలన్నా, తగిలితే బొమ్మ పడిపోవాలన్నా నాలుగు వరుసల ప్రోగ్రాం రాయాలి. ఆ భాష పేరు లువావ్. బ్రెజిల్‌లో రియో డి జనీరో నగరపు విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన లూఆ అనే భాషకు ఇది వారసురాలు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆడటానికి అమ్మ ఫోను సరిపోతుంది, కట్టడానికి సరిపోదు. స్టూడియోకి కంప్యూటర్ కావాలి. బడిలో కంప్యూటర్ గది గానీ, అటల్ టింకరింగ్ ల్యాబ్ గానీ ఉంటే వారానికి ఒక గంట దొరికినా చాలు. మిగతా పని కాగితం మీద అవుతుంది. నిజానికి ఆటలో ముప్పాతిక భాగం అక్కడే తయారవ్వాలి కూడా.

ఇక అసలు విషయం. అంతరిక్షం మీద ఆట కట్టమనగానే పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా చేసే మొదటి పని ఒకటుంది. ఆకాశానికి నల్ల రంగు వేస్తారు. నాలుగు నక్షత్రాలు అతికిస్తారు. మూలన శనిగ్రహాన్ని వేలాడదీస్తారు. పలకలకు ఉల్కలని పేరు పెడతారు. ఆ తర్వాత దూకుడు మామూలే, పడటమూ మామూలే. ఆ రంగులన్నీ తీసేసి చుట్టూ మామిడితోట పెట్టినా ఆట ఏమీ మారదు. ఆట మారనప్పుడు అందులో అంతరిక్షం ఉన్నట్టా, లేనట్టా? నన్నడిగితే లేనట్టే. అంతరిక్షం అంటే కొన్ని సూత్రాలు. గురుత్వం మారుతుంది, గాలి ఉండదు, చప్పుడు వినపడదు, కబురు అందడం ఆలస్యమవుతుంది. ఇందులో ప్రతి ఒక్కటీ సహజంగానే ఒక అడ్డంకి. మనం కొత్తగా కల్పించాల్సింది తక్కువే.

గురుత్వంతోనే మొదలుపెడదాం. రోబ్లాక్స్‌లో దూరాన్ని ‘స్టడ్’లలో కొలుస్తారు. ఒక స్టడ్ అంటే 28 సెంటీమీటర్లుగా లెక్క. అక్కడ మామూలుగా ఉండే గురుత్వం విలువ 196.2. మీటర్లలోకి మార్చి చూస్తే ఇది మన భూమి గురుత్వానికి ఐదున్నర రెట్లు పైనే. బొమ్మ దూకగానే టక్కున కింద పడాలి, ఆట చురుగ్గా సాగాలి అని అలా పెట్టారు. బొమ్మ సెకనుకు 16 స్టడ్ల వేగంతో పరిగెడుతుంది. పైకి లేచే వేగం 50 అనుకుందాం. ఎనిమిదో తొమ్మిదో తరగతి లెక్క తెలిస్తే మిగతాది మనమే తేల్చుకోవచ్చు. బొమ్మ గాలిలో ఉండేది అర సెకను. ఎగిరే ఎత్తు ఆరు స్టడ్ల పైచిలుకు. ముందుకు దాటే దూరం ఎనిమిది స్టడ్లు.

ఇప్పుడు గురుత్వాన్ని చంద్రుడి మీదలాగా ఆరో వంతు చేయండి. అదే బొమ్మ, అదే ఊపు. గాలిలో మూడు సెకన్లు తేలుతుంది. 38 స్టడ్ల ఎత్తు ఎగురుతుంది. 49 స్టడ్లు దాటుతుంది. ఒక్క అంకె మార్చారు, ఆట మొత్తం మారిపోయింది. ఇంతకుముందు భయం అందుకోలేకపోతామని. ఇప్పుడు భయం పలక దాటి అవతల పడతామని. మూడు సెకన్లు గాలిలో ఉన్నప్పుడు ఎక్కడ దిగాలో ముందే ఆలోచించుకోవాలి. ఆటగాడి చేతిలో ఉండాల్సిన నేర్పే వేరు.

ఇక్కడ కొత్తవాళ్ళను తికమకపెట్టే సంగతి ఒకటుంది. స్టూడియోలో దూకుడును రెండు రకాలుగా నిర్ణయించవచ్చు. ఒకటి ‘జంప్ హైట్’, అంటే ఇంత ఎత్తు ఎగరాలి అని చెప్పడం. రెండోది ‘జంప్ పవర్’, అంటే ఇంత ఊపుతో లేవాలి అని చెప్పడం. మొదటిది పెట్టుకుని గురుత్వం తగ్గిస్తే బొమ్మ మెల్లగా లేస్తుందే తప్ప ఎత్తు పెరగదు. చంద్రుడి మీద అడుగుపెట్టిన మనిషి కాళ్ళ బలం మారదు, ఎగిరే ఎత్తు మారుతుంది. కాబట్టి మన ఆటకు జంప్ పవరే పెట్టుకోవాలి. భౌతిక శాస్త్రం పాఠంలో బలం వేరు, ఫలితం వేరు అని చెప్పే మాట ఇక్కడ ఒక మీట రూపంలో కనిపిస్తుంది.

చంద్రుడి గురుత్వంతో ఆట కట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. దాన్ని మొదలుపెట్టిందే ఒక బడిపిల్లవాడు. 1969 జులైలో అపోలో 11 చంద్రుడి మీద దిగింది. అది జరిగిన కొద్ది నెలలకే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ హైస్కూల్ విద్యార్థి జిమ్ స్టోరర్, చంద్రుడి మీద నౌకను దించే ఆట రాశాడు. పీడీపీ-8 అనే కంప్యూటర్, ఫోకల్ అనే భాష. అందులో బొమ్మలు లేవు, రంగులు లేవు. టెలిటైప్ యంత్రం కాగితం మీద ఎత్తు, వేగం, మిగిలిన ఇంధనం అచ్చువేసేది. పది సెకన్లకోసారి ఎంత ఇంధనం మండించాలో ఆటగాడు టైపు చేయాలి. ఎక్కువ మండిస్తే మధ్యలో అయిపోతుంది, తక్కువ మండిస్తే నేలను గుద్దుకుంటుంది. ఒక్క నక్షత్రం బొమ్మ కూడా లేకుండా అది పూర్తిగా అంతరిక్షపు ఆట అయింది.

దానికి ఒక కొసమెరుపుంది. ఆ ప్రోగ్రాంలో చిన్న తప్పు దొర్లిందని 2024లో, అంటే 55 ఏళ్ళ తర్వాత, ఒక ఇంజినీరు కనిపెట్టాడు. లెక్కలో ఒకచోట రెండుతో భాగించడం తప్పిపోయింది. ఆ తప్పుతోనే ఒక తరం పిల్లలు ఆ ఆట ఆడారు, దాని వల్ల కొందరు ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. లోపం లేకుండా కట్టాలని ఆగిపోయే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

మరి మన ఆట ఎలా ఉండాలి? ఐదు మజిలీలుగా వేసుకుందాం.

మొదటి మజిలీ శామీర్‌పేట బండలు. చెరువు చుట్టుపక్కల, కీసర దారిలో, మేడ్చల్ వైపు ఎక్కడ చూసినా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు కనిపిస్తాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు ఇది. కొట్టి కంకర చేసినవి పోగా మిగిలినవి ఇంకా ఉన్నాయి. ఆట మొదలవడానికి ఇంతకన్నా మంచిచోటు లేదు. ఇక్కడ గురుత్వం మామూలే. ఆటగాడికి తన దూకుడు ఎంతో తనకే తెలియాలి, అదీ ఈ మజిలీ పని. లెక్క ప్రకారం గరిష్ఠం ఎనిమిది స్టడ్లు. పాదం అంచున ఆనినా బొమ్మ నిలబడుతుంది కనుక ఆటలో ఇంకాస్త దాటవచ్చు. కాబట్టి మొదటి రెండు బండల మధ్య సందు నాలుగు స్టడ్లు చాలు. తర్వాత ఐదు, తర్వాత ఆరు. కింద నీళ్ళుంటాయి, పడినా ప్రాణం పోదు. ‘ఇలా దూకండి’ అని బోర్డు పెట్టక్కర్లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి అంకం ఇలాగే ఒక్క మాట లేకుండా ఆట మొత్తం నేర్పింది. కొత్త అడ్డంకిని మొదట ప్రమాదం లేనిచోట చూపించాలి. తర్వాత ప్రమాదం ఉన్నచోట పెట్టాలి. ఆ తర్వాత పాత అడ్డంకితో కలిపి ఇవ్వాలి. ఈ మూడు మెట్ల పద్ధతి తెలిస్తే ఆబీ కట్టడంలో సగం తెలిసినట్టే.

రెండో మజిలీ బెలూన్. మన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పక్కనే టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఉంది. దశాబ్దాలుగా అక్కడి నుంచి శాస్త్ర పరికరాలు కట్టిన పెద్ద పెద్ద బెలూన్లు ఆకాశంలోకి వెళుతున్నాయి. 2005 ఏప్రిల్‌లో అలా వెళ్ళిన ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చింది. వాటిని పరీక్షిస్తే అంతకుముందు ఎవరికీ తెలియని మూడు రకాల బ్యాక్టీరియా దొరికాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. ఆ ప్రయోగంలో నమూనాలు పట్టడానికి 16 గొట్టాలు వాడారు. మన ఆటలోనూ 16 గొట్టాలు పెడదాం. బెలూన్ల మీంచి బెలూన్ల మీదికి ఎక్కుతూ వాటిని ఏరుకోవాలి. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పడిపోతుంది. 41 కిలోమీటర్ల దగ్గర నేల మీద ఉండే దానిలో నూరో వంతు కూడా ఉండదు. అందుకే బెలూన్ ఉబ్బుతుంది. ఆటలో కూడా పైకి వెళ్ళేకొద్దీ కాలికింది పలక పెద్దదవుతూ, గుండ్రంగా మారుతూ, నిలబడటానికి కష్టమవుతూ ఉండాలి. చూడటానికి వింతగా ఉంటుంది, చెప్పేది నిజమే అవుతుంది.

మూడో మజిలీ కక్ష్య. ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలుతుంటారు కనుక అక్కడ గురుత్వం లేదనుకుంటాం. అది తిరిగేది 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రం, అందులోని మనుషులు అందరూ కలిసి ఎప్పుడూ పడిపోతూనే ఉంటారు. పక్కకు పోయే వేగం ఎక్కువ కావడంతో నేలను తాకకుండా భూమి చుట్టూ తిరుగుతారు. 2025 జూన్‌లో అక్కడికి చేరిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా నేల మీద నడిచినట్టు నడవలేదు. గోడకున్న పిడులను నెట్టుకుంటూ కదిలారు.

ఆటలో ఈ చోట గురుత్వం సున్నా. దూకితే బొమ్మ పైకి పోతూనే ఉంటుంది, తిరిగి రాదు. కాబట్టి ఇక్కడ పలకల బదులు పిడులు పెట్టాలి. మామూలుగా రోబ్లాక్స్ బొమ్మను గాలిలో ఉండగా కూడా అటూ ఇటూ తిప్పవచ్చు. ఈ మజిలీలో చిన్న ప్రోగ్రాం రాసి ఆ వీలు తీసేయాలి. ఒకసారి గోడను నెట్టుకుని బయల్దేరాక దారి మార్చుకోవడం కుదరదు. గురి చూసి బయల్దేరడమే నేర్పు. న్యూటన్ మొదటి సూత్రం అడ్డంకిగా మారిన చోటు ఇది.

నాలుగో మజిలీ దిగడం. దీనికి మాత్రం మన చేతిలో బంగారంలాంటి సరుకుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. ఆ దిగడాన్ని ఇస్రో దశలుగా విడగొట్టింది. 30 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు సుమారు 1.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతున్న నౌకకు ముందు గట్టి బ్రేకు. అది 690 సెకన్ల పాటు. దాంతో ఏడున్నర కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. తర్వాత పది సెకన్లు భంగిమ చూసుకోవడం. ఆపైన సన్నటి బ్రేకు. చివరికి 150 మీటర్ల ఎత్తున ఆగి, కింద గుండ్లు గోతులు ఉన్నాయేమో కెమెరాతో చూసుకుని, బాగున్నచోట దిగడం. మన ఆటలోనూ ఈ దశలు వరసగా నాలుగు అడ్డంకులు. మొదటిదానిలో జారుతున్న బొమ్మను ఆపుకోవాలి. రెండోదానిలో సరైన దిక్కుకు తిరగాలి. మూడోదానిలో చిన్న చిన్న అడుగులే వేయాలి. నాలుగోదానిలో గాల్లో నిలబడి కింద కనిపించే ఐదారు చోట్లలో మంచిదాన్ని ఎంచుకోవాలి. తొందరపడినవాడు గుంటలో పడతాడు.

ఇక్కడే ఇంకో అడ్డంకి కూడా చేర్చవచ్చు. చంద్రుడి దాకా రేడియో కబురు పోయి రావడానికి రెండున్నర సెకన్లకు పైనే పడుతుంది. ఆ కబుర్లు పట్టుకోవడానికి బెంగళూరు దగ్గరి బ్యాలాలులో 32 మీటర్ల వెడల్పు డిష్ ఉంది. చంద్రయాన్-1 కోసం దాన్ని తయారుచేసింది మన ఈసీఐఎల్. కుషాయిగూడ బస్సు ఎక్కే పిల్లలు రోజూ ఆ గేటు ముందునుంచే పోతుంటారు. ఆటలో ఒక మీట పెట్టండి. నొక్కిన రెండున్నర సెకన్లకు గానీ వంతెన కదలకూడదు. మొదటిసారి అందరూ పడతారు. రెండోసారి ముందే నొక్కి కాసేపు ఆగి దూకుతారు. దిగేటప్పుడు విక్రమ్ నేల మీది మనుషులను అడక్కుండా తనంతట తనే నిర్ణయాలు ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో ఆ మీట చెప్పినంత బాగా పాఠ్యపుస్తకం చెప్పలేదు.

ఐదోది చంద్రుడి నేల. ఇక్కడ చప్పుడు ఉండకూడదు. రేడియోలో మాట్లాడుతూ చప్పుడు వద్దని చెప్పడం నాకే విచిత్రంగా ఉంది. అయినా గాలి లేనిచోట అడుగుల చప్పుడు ఎక్కడిది? అప్పటిదాకా మోగిన సంగీతం, దూకుళ్ళ చప్పుళ్ళు అన్నీ ఆపేయండి. చెవితో పోల్చుకునే ప్రమాదాలను ఇప్పుడు కంటితోనే కనిపెట్టాలి. ఇక్కడి అడ్డంకులు కూడా నిజంగా జరిగినవే. 2023 ఆగస్టు 27న రోవర్ ప్రజ్ఞాన్‌కు నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. మూడు మీటర్ల దూరంలో ఉండగానే కనిపెట్టి దారి మార్చారు. ప్రజ్ఞాన్ వేగం సెకనుకు ఒక సెంటీమీటర్. ఈ చివరి అంకంలో ఆటగాడి వేగం తగ్గించేయండి. అప్పటిదాకా ఉరికిన పిల్లలకు నెమ్మదే అడ్డంకి అవుతుంది. అక్కడి నేల పైన 50 డిగ్రీలు దాటిన వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతులో సున్నాకు పది డిగ్రీలు కింద చలి. విక్రమ్‌లోని పరికరం ఈ సంగతి కొలిచి చెప్పింది. పైపలక ఎరుపు, కిందిపలక నీలం, మధ్యలో సన్నటి దారి. ఇంతకన్నా మంచి అడ్డంకిని ఎవరు ఊహిస్తారు? పైగా పొద్దు గూకేలోగా పని ముగించాలి. అక్కడ పగలు మన లెక్కలో 14 రోజులు. ఆటలో 14 నిమిషాలు పెట్టుకోండి. గమ్యం దగ్గర చివరి దూకుడు ఒకటి. సెప్టెంబరు 3న విక్రమ్ మళ్ళీ ఇంజన్లు వెలిగించి 40 సెంటీమీటర్లు పైకి లేచి పక్కనే దిగింది. చంద్రుడి మీద మనవాళ్ళు కూడా ఒక ఆబీ దూకారన్న మాట.

ఇదంతా విన్నాక ఆట చాలా కష్టంగా ఉంటుందనిపించవచ్చు. కష్టమా కాదా అన్నది నిర్ణయించేది అడ్డంకుల లెక్క కాదు. పడ్డాక ఏమవుతుందన్నదే దాన్ని తేలుస్తుంది. మన వైకుంఠపాళినే చూడండి. పైదాకా వచ్చి పెద్ద పాము నోట్లో పడితే అట్టడుగుకు జారతాం. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే పాచికలు మన మాట వినవు, పడ్డామంటే తప్పు మనది కాదు. ఆబీలో వేలు మనదే, దూకుడు మనదే. పడ్డవాడికి ‘తప్పు నాదే, ఈసారి సరిచేసుకుంటా’ అనిపించాలి. ఐదు నిమిషాలు కష్టపడి వచ్చినవాణ్ణి మొదటికి తోసేస్తే ఆ మాట అనడు, ఫోను పక్కన పడేస్తాడు. కాబట్టి ప్రతి కొత్త అడ్డంకి ముందూ ఒక చెక్‌పాయింట్, అంటే పడ్డాక మళ్ళీ లేచే చోటు, ఉండాలి. పడటం వల్ల పోయేది కొద్ది సెకన్లు, మిగిలేది ఎందుకు పడ్డామన్న తెలివి.

ఈ మాట చెప్పింది ఆటలు కట్టేవాళ్ళు మాత్రమే కాదు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చివరి నిమిషాల్లో కూలిపోయింది. ఆ తర్వాత, అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్.సోమనాథ్ చంద్రయాన్-3 గురించి వివరిస్తూ, ఈసారి గెలుపు నుంచి కాకుండా వైఫల్యం నుంచి మొదలుపెట్టి రూపకల్పన చేశామన్నారు. ఏమేం చెడిపోవచ్చు, చెడిపోతే ఎలా కాపాడుకోవాలి అని ఒక్కొక్కటే చూసుకున్నారు. దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. కాళ్ళు గట్టిచేశారు. వేగం కొలిచే కొత్త పరికరం చేర్చారు. ఇంధనం పెంచారు. మన ఆబీ భాషలో చెప్పాలంటే దిగే పలకను పెద్దది చేశారు.

ఆట కట్టే పిల్లలు కూడా ఇదే పని చేయాలి. అందుకు మార్గం పరీక్షించడం. తాను కట్టిన ఆట తానే ఆడితే ఏమీ తెలియదు, ఏ పలక ఎక్కడుందో వేళ్ళకు ముందే తెలుసు కనుక. పక్కింటి పిల్లాడిని కూర్చోబెట్టాలి. వెనక నిలబడి చూడాలి. నోరు మాత్రం మెదపకూడదు. ‘అన్నా, ఇది దాటొస్తలేదు’ అని వాడంటే, ‘అట్ల కాదు, ఇట్ల దుంకు’ అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. చెప్పారంటే పరీక్ష పాడైనట్టే. ఆట ప్రపంచంలోకి వెళ్ళాక ప్రతి ఆటగాడి వెనకా మీరు నిలబడలేరు. ఎవరెవరు ఎక్కడ పడ్డారో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. ఒకచోట ఒకరు పడితే ఆటగాడి పొరపాటు. వచ్చినవాళ్ళందరూ అక్కడే పడుతుంటే కట్టినవాడి పొరపాటు. సందు ఎక్కువైందా, పలక వెనకదానితో కలిసిపోయి కనపడటం లేదా, కెమెరా అడ్డొస్తోందా అని వెతకాలి.

పనిలో ఎదురయ్యే చిన్న చిక్కులు కొన్ని చెబుతాను. గాలిలో పెట్టిన ప్రతి పలకకూ ‘యాంకర్’ వేయాలి. మరిచిపోతే ఆట మొదలుపెట్టిన క్షణంలో కట్టినదంతా కుప్పకూలుతుంది. కొత్తవాళ్ళు దాదాపు అందరూ మొదటిరోజు దీని పాలబడతారు. ఇంకోటి, మీరు కట్టేది కంప్యూటర్ మీద, ఆడేవాళ్ళలో ఎక్కువమంది ఉండేది ఫోను మీద. ఎడమ బొటనవేలు నడకకు, కుడి బొటనవేలు దూకుడుకు. ఆ రెండు వేళ్ళ కింద తెర అడుగుభాగం మూసుకుపోతుంది. అక్కడ ప్రమాదం దాచకూడదు. పలకలు, వెలుగులు, పొగలు ఎక్కువ పెడితే చవక ఫోన్లు ఆగి ఆగి నడుస్తాయి. వేలు నొక్కింది సరిగ్గానే ఉన్నా బొమ్మ ఆలస్యంగా దూకి పడిపోతుంది. అలా పడినవాడికి తన తప్పేమీ లేదు. అలాగే ప్రమాదాన్ని ఎరుపు రంగుతోనే చెప్పకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనపడనివాళ్ళు ఉంటారు. రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇది బయటి ప్రపంచంతో కలిసిన వేదిక. ఖాతాలో పిల్లల వయసు నిజమైనదే ఇవ్వండి. చాట్‌కు, డబ్బు ఖర్చుకు ఉన్న నియంత్రణలు మీ చేతిలో పెట్టుకోండి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంటి చిరునామా, బడి పేరు, ఫొటో అడిగితే మీకు చెప్పాలని ముందే నేర్పండి. ఆ తర్వాత ఒకసారి పిల్లల పక్కన కూర్చుని వాళ్ళు కట్టిన ఆట మీరే ఆడండి. పడతారు. మీరు ఎక్కడ పడ్డారన్నది వాళ్ళకు చాలా విలువైన సమాచారం.

ఇక ఈ చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళకు ఒక మాట. శామీర్‌పేట పక్కన 2008 నుంచి బిట్స్ పిలానీ ప్రాంగణం ఉంది. కండ్లకోయ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఆ విద్యార్థులు దగ్గరి సర్కారు బడికి వెళ్ళి శనివారం ఒక గంట కూర్చుంటే చాలు. పిల్లలకు ఊహలకు కొదవ లేదు, లేనిది కంప్యూటర్ ముందు కాలం, పక్కన అడగడానికి ఒక మనిషి. గురుత్వం అంకె మార్చి చూపిస్తే తర్వాతి ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు. అంగారకుడి మీద ఎంత పెట్టాలి? బృహస్పతి మీద దూకగలమా? అసలు బృహస్పతికి నేల ఉందా? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే చదువు.

ఇంత పెద్ద ఆట ఒక్కసారిగా కట్టనక్కర్లేదు. ఐదు పలకలతో మొదలుపెట్టండి. మూడు మామూలు గురుత్వంతో, రెండు చంద్రుడి గురుత్వంతో. ఆ మార్పు దగ్గర ఆటగాడు నిజంగా ఆశ్చర్యపోతే మిగతా మజిలీలు కట్టండి. ఆశ్చర్యపోకపోతే నక్షత్రాలు అతికించి లాభం లేదు, సందులే మార్చి చూడండి. ముందు మాత్రం ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరు ఎక్కడ పడ్డారు, ఎందుకు పడ్డారు అన్న రెండు గడులు గీయండి. స్టూడియో తెరవడం ఆ తర్వాత.